ఎండు సూరలు, ఖుద్సియా అనుమానం

కొత్తగూడెం అంగడిలో ఎండుచేపలు అమ్మే ఖుద్సియా ఎవరినీ తేలిగ్గా నమ్మేది కాదు. భర్త జ్వరంతో పోయాక దుకాణం ఆమె చేతికొచ్చింది. నమ్మి మోసపోయిన ఆడవాళ్ళ కథలు చాలా విన్నది కాబట్టి, తూకం రాయిని కూడా రెండుసార్లు తిప్పి చూసేది.

ఆమె దుకాణంలో ఎక్కువగా అమ్ముడుపోయేది ఎండు సూర. బయటిదేశాలవాళ్ళు టూనా అనే ఆ సముద్రపు చేపను కాకినాడ రేవులో ఉప్పేసి ఎండబెడతారు. బసవపున్నయ్య లారీలో తెచ్చేవాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. బస్తాలు దింపి దుకాణానికి చేర్చేది ఖుద్సియా మరిది వజీర్.

తొంభైల మొదట్లో చేపలు చిన్నవైపోవడం మొదలైంది. మొదట అరచేతి వెడల్పు ముక్కలు వచ్చేవి. తర్వాత జానెడు చేపలను కోయకుండా అలాగే ఎండబెట్టి పంపసాగారు.

తండా నుంచి వచ్చే సోమ్లి ఒకరోజు చేపను ఎత్తి చూపింది.

"గిదేంది అక్కా? పెద్దయి దాసిపెట్టి మాకు పిల్లలంటగడుతున్నవా?"

ఆ మాట ఖుద్సియాకు ముల్లులా గుచ్చుకుంది. తనకే తెలియకుండా ఎవరో తనను దొంగను చేస్తున్నారు. పున్నయ్య పెద్దవాటిని భద్రాచలం హోటళ్ళకు అమ్ముకుంటున్నాడా? వజీర్ దారిలో బస్తాలు మారుస్తున్నాడా?

పున్నయ్యను అడిగితే, "సముద్రంలో పడేవే అవి చెల్లెమ్మా. నేనేం చేసేది?" అన్నాడు. కళ్ళు దించుకుని అన్నాడు. ఆమెకు అనుమానం ఇంకా ముదిరింది.

ఈసారి పున్నయ్య కాకినాడ వెళ్ళాడని తెలియగానే వజీర్‌ను వెంటబెట్టుకుని తానూ బస్సెక్కింది.

"నేనెందుకు భాభీ?"

"నువ్విక్కడుంటే ఆయనకు కబురు పంపుతవ్."

వజీర్ ముఖం నల్లబడింది. "నన్ను గూడ అనుమానిస్తున్నవా?" అన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

రేవులో ఒడ్డుకు లాగిన పడవల చాటున నిలబడి చూశారు. పడవల్లోంచి పెద్ద సూరలు దిగుతున్నాయి. ఒక్కొక్కటీ ఇద్దరు మోసే బరువు. వాటిని టోకున చేపలు కొనే ఏజెంట్ల మనుషులు మంచుపెట్టెల్లోకి ఎత్తుతున్నారు. పున్నయ్య ఒక ఏజెంటు వెంటపడి, "ఒక్కటైనా ఇవ్వండి బాబూ, ఎండబెట్టించుకుంటాను," అని బతిమాలుతున్నాడు. ఆ ఏజెంటు వెనక్కి తిరిగైనా చూడలేదు.

పక్కనే చిన్న చేపలకు ఉప్పు రాస్తున్న ముసలమ్మను ఖుద్సియా అడిగింది. "పెద్దయన్నీ ఎటు పోతున్నయమ్మా?"

"ఓడల్లో బయటి దేశాలకి పోతన్నాయి. మాకీ సిన్నయే మిగుల్తన్నాయి. ముందు గేలాలేసేవోళ్ళం, పెద్దయ్యే పడేయి. ఇప్పుడు సన్నకన్ను వలలొచ్చేసినాయి. ఇంకా గుడ్డెట్టని పిల్లల్ని గూడా లాగేత్తన్నాయి."

"పిల్లల్నే పట్టుకుంటె రేపు పెద్దయి ఎక్కడికెళ్ళి వస్తయి?"

"అదే నేనూ మావోళ్ళనడుగుతుంటాను," అంది ముసలమ్మ.

ఇంతలో పున్నయ్య వాళ్ళను చూశాడు. "నా వెనకాలే వచ్చారా?"

"అవ్ అన్నా. నువ్వు మోసం చేస్తున్నవనే వచ్చిన," అంది ఖుద్సియా.

ఆయన కోప్పడలేదు. "ఇక పెద్ద సరుకు దొరకదని చెబితే నన్ను వదిలేస్తావని నోరు మెదపలేదమ్మా," అన్నాడు.

ఆ తర్వాత మూరెడు కన్నా చిన్న సూరను ఆమె కొనలేదు. పిల్లల్నే పట్టేస్తే రేపు చేపలే ఉండవని అడిగినవాళ్ళకు చెప్పేది. పున్నయ్య ఆశ్చర్యపోయినా కాదనలేదు, వేరే రకాలు తెచ్చాడు. అంగడిలో మాత్రం, సరుకు బిగబట్టి ధర పెంచాలని చూస్తోందని గుసగుసలాడారు. సముద్రంలో చేపలు తగ్గుతాయా అని నవ్వారు. సోమ్లి కూడా అదే అంగడిలో ఎండుచేపలమ్మే చెంచురామయ్య దుకాణానికి మళ్ళింది. కొన్నాళ్ళకు అతని దగ్గరా సూర దొరకడం తగ్గింది. అప్పుడు సోమ్లి మళ్ళీ ఖుద్సియా గడపెక్కి, "నువ్ చెప్పింది నిజమేనా?" అని అడిగింది. ఖుద్సియా తాను చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. సోమ్లి సగం నమ్మింది.

వజీర్ మాత్రం మారిపోయాడు. బస్తా దించగానే, "విప్పి చూసుకో భాభీ," అని పక్కకు జరిగి నిలబడేవాడు. వద్దులే అని ఎన్నిసార్లన్నా వినేవాడు కాదు.