కంపెనీకి లేని సీలు

మా కంపెనీ లండన్‌లో ఉండేది. నేను తిరుపతిలో, మా ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని వాళ్ళకి వెబ్‌సైట్లు చేసేదాన్ని. ఎక్కడున్నా చేసే పనే కదా, ఒక ఏడాది మలేషియాలో ఉండి చేద్దామనిపించింది. వీసాకి కంపెనీ ఉత్తరం కావాలన్నారు. మా ఓనరమ్మ మెయిల్లో పంపింది. ప్రింటు తీసి, బస్టాండు దగ్గర వీసా ఏజెంటు టేబుల్ మీద పెట్టాను.

ఆయన కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాడు. "సీలు యాడుండాదిమ్మా?"

"సంతకం ఉంది కదా."

"సంతకం నేనూ పెడతా. సీలు లేని కాగితం పొట్లం కట్టుకునేదానికి పనికొస్తాది. సాయంత్రం బస్సుకి ఫైలు మద్రాసు పోవాల. ఇంక నీ ఇష్టం."

లండన్‌లో అప్పుడు తెల్లవారుజాము. రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. స్కూలు సర్టిఫికెట్ నుంచి రేషన్ కార్డు దాకా సీలు లేని కాగితం నేనెప్పుడూ చూళ్ళేదు. మా కంపెనీకీ ఉండే ఉంటుంది, వెయ్యడం మరిచిపోయారంతే అనుకున్నాను.

నేరుగా రబ్బరు సీళ్ళు చేసే భాయ్ దగ్గరికి పోయాను. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"కంపెనీ నీదేనా పాపా?"

"నాది కాకపోతే నాకెందుకు భాయ్? తొందరగా చెయ్యి."

"కోపం సూడు! రబ్బరు కంటే నువ్వే ఎక్కువ కాగతా ఉండావే."

గుండ్రటి సీలు, నీలం సిరా. ఉత్తరం మీద నేనే గుద్దాను. ఏజెంటు చూసి, "ఇప్పుడొచ్చింది కళ" అన్నాడు.

పదిరోజుల తర్వాత పెద్దమ్మని చూడ్డానికి బస్సులో చిత్తూరు పోతున్నాను. పూతలపట్టు దాటగానే ఫోన్ మోగింది. ఓనరమ్మ. మద్రాసులో వీసా ఆఫీసు వాళ్ళు ఉత్తరం కాపీ పంపి, ఇది మీదేనా అని అడిగారట.

"ఉత్తరం నాదే. ఈ సీలు ఎక్కడిది? మాకసలు సీలే లేదు."

నోరు తెరిచేలోగా సిగ్నల్ పోయింది.

కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఫోన్ పైకెత్తాను. సిగ్నల్ రావాలనీ ఉంది, రాకూడదనీ ఉంది. ఏజెంటే వేశాడని చెప్పేద్దామా? ఆ మాట ఇంగ్లీషులో రెండుసార్లు పెదాలు కదిపి చూసుకున్నాను. కానీ ఆయన అడిగాడే గానీ వెయ్యలేదు. వీసా ఎటూ పోయేట్టుంది. ఉద్యోగం కూడా పోతే?

"ఏమ్మే, చెయ్యి లోపల పెట్టుకో" అంది పక్కసీటామె. "లారీలొస్తా ఉండాయి. చెయ్యి పోయినాక ఫోను యాడ పట్టుకుంటావు?"

మళ్ళీ మోగింది.

"నేనే వేశాను" అన్నాను.

సీలు ఎక్కడ చేయించానో కూడా చెప్పాను.

"ఉత్తరం మాది, సీలు మాది కాదని రాస్తాను" అంది. "అంతకంటే నేనేం చెయ్యలేను."

"నా ఉద్యోగం?" అన్నాను.

"సోమవారం ఇవ్వాల్సిన పేజీలు సోమవారమే ఇవ్వు. ఇంకెప్పుడైనా ఏదైనా తెలియకపోతే నేను నిద్రలేచేదాకా ఆగు."

ఆ నెలలోనే పాస్‌పోర్టు వెనక్కి వచ్చింది, వీసా లేకుండా. ఏజెంటు ఇంకోసారి అప్లికేషన్ వేద్దామన్నాడు. ఓనరమ్మని ఇంకో ఉత్తరం అడగడానికి నాకు మొహం చెల్లలేదు.