ఎర్త్ బోల్టు మీద ఎర్ర రంగు

దసరా వెళ్లిన మరుసటి వారం నా పాత లారీ నన్ను పిచ్చివాణ్ని చేసింది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక రెండు వైపులా లైట్లు మిణుకుమనేవి. బ్రేకు తొక్కితే హెడ్‌లైట్లు నీరసించేవి. హారన్ కొడితే గొంతు పట్టేసినవాడి పిలుపులా ఓ మూలుగు. ఎవరికైనా చూపిద్దామని పిలుచుకొస్తే మాత్రం అన్నీ బుద్ధిగా వెలిగేవి. అప్పుడు నాకు ఇంకా ఒళ్లు మండేది.

నేను సరుకు దింపే పటాన్‌చెరు ఫ్యాక్టరీలో, గేటు దగ్గర ప్రతి బండినీ ఆపి ఒక్కో లైటూ వేయించి చూస్తారు. సోమవారం నా బండి చూసిన సేఫ్టీ అతను, "శనివారం పొద్దుగాల దాకా టైమిస్తున్న. అప్పటికి లైట్లన్నీ సక్కగ లేకుంటే నీ బండి లిస్టుల నుంచి తీసేస్త" అన్నాడు. అంత పాత లారీని ఇంకే ఫ్యాక్టరీ రానివ్వదు. ఆ గేటు మూసుకుంటే నా బతుకుదెరువు మూసుకున్నట్టే.

ఇస్నాపూర్‌లో బండ్ల వైరింగ్ చేసే పెద్దాయన ఉన్నాడు. ఈ లారీ కొన్నప్పటి నుంచి దాని తీగల పనంతా ఆయన చేతి మీదే నడిచింది. కాకా అని పిలుస్తాను. నా గోడంతా విని, "ముందుగాల ఎర్త్ సూద్దాం" అన్నాడు. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్త్ తీగను బండి అడుగు చట్రానికి, అంటే చాసిస్ ఇనుముకు, బోల్టుతో బిగిస్తారు. కరెంటు తిరిగి వెళ్లే దారి అదే.

"ఎర్త్‌కేం రోగం కాకా? మొన్న దసరాకు నేనే ఇప్పి, సాఫ్ జేసి, గట్టిగ బిగించిన. నువ్వు వైరింగ్ సూడు."

రెండు రోజులు తీగ తీగా తడిమాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. బుధవారం సాయంత్రం నడుము పట్టుకుని లేచి, "ఒక్కపారి ఎర్త్..." అన్నాడు మళ్లీ. నాకు తిక్క రేగింది.

"నీకు కండ్లు కనబడ్తలేవు కాకా! దొరకక ఎర్త్ ఎర్త్ అంటున్నవ్. గిది నీతోని కాదు."

పక్క హోటల్లో టీ తాగుతున్న డ్రైవర్లందరూ విన్నారు. కాకా టెస్ట్ లైటు తీగ చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

లక్డారం వైపు ఇంకో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. బల్బులు మార్చాడు, ఫ్యూజులు మార్చాడు, చివరికి బ్యాటరీ కూడా మార్చి చూశాడు. శుక్రవారం సాయంత్రం కుడి ఇండికేటర్ వేస్తే ఎడమది కూడా కొట్టుకుంది. కోపం పట్టలేక టైరును తన్నాను. నా కాలే వాచింది.

శనివారం తెల్లవారగానే మొహం చిన్నబుచ్చుకుని కాకా దగ్గరికే వచ్చాను. ఆయన ఒక మందపాటి తీగ తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస చాసిస్‌తో కలిసి ఉండే ఇంజను ఇనుముకు ఆనించి, "లైట్లెయ్" అన్నాడు. అన్నీ భగ్గున వెలిగాయి. తీగ తీశాడు. మళ్లీ నీరసించాయి.

బండి కిందికి వంగి ఎర్త్ బోల్టు విప్పాడు. కింద నిగనిగలాడుతూ ఎర్ర రంగు.

దసరా పూజకు ముందు లారీకి రంగు వేయించడం మా ఆనవాయితీ. ఈ ఏడు పెయింటర్ దొరక్క చాసిస్‌కు నేనే వేసుకున్నాను. అప్పుడు బోల్టు విప్పితే కింద అరచేతంత ఉత్త ఇనుము కనిపించింది. పెయింటర్ల సోమరితనం అనుకున్నాను. పూజకు పెట్టే బండికి మచ్చ ఉండకూడదని దాని మీద రెండు పూతలు వేసి, ఆరాక బోల్టు బిగించాను.

"గది నేను గీకి పెట్టిన జాగ," అన్నాడు కాకా. "ఏటా పెయింటర్లకు జెప్తుంటి, గాడ ముట్టకుండ్రి అని. రంగు మీద బిగిస్తె కరెంటెట్ల పోతది?"

గరుకు కాగితం నా చేతిలో పెట్టాడు. "నాకు కండ్లు కనబడవు గద. నువ్వే గీకు."

తెల్లటి ఇనుము తేలేదాకా గీకాను. బోల్టు బిగించి క్యాబిన్ ఎక్కాను. ముందు లైట్లు బాగున్నాయి. కానీ బ్రేకు లైట్లు చూడాలంటే ఒకరు తొక్కాలి, ఇంకొకరు వెనక నిలబడాలి.

"కాకా, లైట్లు పడ్డయా?"

"నాకేం కనబడ్తది?"

గేటు టైం దగ్గరపడుతోంది. హోటల్ ముందు అదే డ్రైవర్లు. బ్రేకు మీది కాలు తీయకుండా తల బయటపెట్టి, వాళ్లందరికీ వినబడేలా అరిచాను.

"తప్పయింది కాకా. నాకే కనబడలే. జెర నువ్వే సూసి చెప్పు."

అద్దంలో కాకా బండి వెనక్కి నడవడం కనిపించింది.

"పడ్డయ్," అన్నాడు వెనక నుంచి. "ఇగ జల్దీ పో, గేటు బంద్ జేస్తరు."