రేడియేటర్లో పోసిన పసుపు

నాకు పసుపు వాసన పడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు పడదో ఎవరికీ తెలియదు. గల్ఫులో ఏళ్ల తరబడి పెట్రోలు పీల్చి ముక్కు పాడైందని మా ఆవిడ వచ్చినవాళ్లకల్లా చెబుతుంది. నేనూ అవునంటాను. కాదు. నలభై ఏళ్లుగా నేను మోస్తున్నది ముక్కు జబ్బు కాదు, ఒక మనిషి బతుకు మీద ఆడిన అబద్ధం. భార్యకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, నమాజులో కూడా దాని పక్కనుంచి తప్పుకునే పోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది రాయచోటి. లారీల మీద క్లీనరుగా చేరి మెకానిక్‌నై, డెబ్బైల చివర్లో కువైట్ చేరాను. నా కఫీల్, అంటే నన్ను పనికి పిలిపించుకున్న కువైటీ పెద్దమనిషి, బంగారంలాంటి మనిషి. ఇంట్లో అందరిలాగే నేనూ ఆయన్ని బాబా అనేవాణ్ని. వాకిట్లో మూడు కొత్త కార్లున్నా ఆయన మనసంతా పాత జీపుల మీదే. ఎక్కడ తుప్పు పట్టిన బండి కనిపించినా ఆగేవాడు. బానెట్ మీద అరచేయి పెట్టి, "దీనికి ప్రాణం ఉంది" అనేవాడు. ఆ ప్రాణం లేపే పని నాది.

సిటీకి దూరంగా, వఫ్రాలో ఆయనకు తోట ఉండేది. టమాటాలు, దోసకాయలు, కొన్ని మేకలు. ఆ పక్క తోటలో ఒక పాత మిలిటరీ జీపు చక్రాల దాకా ఇసుకలో కూరుకుపోయి ఉంటే బాబా చూసిన రోజే కొనేశాడు. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతుండేవి. దాన్ని మా తోటలోకి లాక్కొచ్చి షెడ్డు కింద పెట్టాం. ఏడు నెలలు పట్టింది. ప్రతి శుక్రవారం బాబాతో కలిసి వఫ్రా వెళ్లడం, సాయంత్రం దాకా దాని కింద పడుకోవడం. అంత సుఖం నాకు ఆ దేశంలో మరెక్కడా దొరకలేదు.

ఆ తోటలో పనిచేసేవాడు నాగన్న. మా రాయచోటి పక్క పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద. ఉన్న గొర్రెల మంద అమ్ముకుని వీసా మీద వచ్చాడు. అరబ్బీ నాలుగు మాటలు కూడా రావు. వారమంతా మేకలతో మాట్లాడి, శుక్రవారం నేను దిగగానే "ఏం సాయిబూ, వచ్చినావా" అంటూ ఎదురొచ్చేవాడు. బోల్టులు పట్టేవాడు, కిరసనాయిలుతో తుప్పు కడిగేవాడు. ఇంజన్ మొదటిసారి లేచిన రోజు తోటలోని నిమ్మకాయలు కోసుకొచ్చి నాలుగు చక్రాల కిందా పెట్టాడు. బాబా అదేమిటని అడిగి, నేను చెబితే పడీపడీ నవ్వి, తానే జీపెక్కి నిమ్మకాయలు తొక్కించాడు.

అప్పటికి మిగిలింది ఒక్కటే లోపం. రేడియేటర్ కారుతోంది.

మరుసటి వారం బాబా తమ్ముళ్లు, బంధువులు ఎడారిలో డేరాలు వేసుకోవడానికి వెళ్తున్నారు. బాబా తన జీపులోనే వెళ్లాలనుకున్నాడు. రేడియేటర్ విప్పి సిటీకి తీసుకెళ్లి మాటు వేయించుకు రమ్మని నన్ను ముందుగా పంపాడు. దుకాణంవాడు రెండు రోజులు పడుతుందన్నాడు. రెండు రోజులంటే ప్రయాణం దాటిపోతుంది. బాబా కొత్త కారులో వెళ్లిపోతాడు, దానికి వేరే డ్రైవరున్నాడు. నేను తోటలో ఉండిపోవాలి. ఏడు నెలలు నేను లేపిన బండిని ఆ బంధువులందరి ముందూ నేనే నడపాలి. నా ఆశ అదొక్కటే. బద్ధకం అని చెప్పుకుంటే తేలిగ్గా ఉండేది. బద్ధకం కాదు, గొప్ప కోసం చేశాను.

రేడియేటర్ అలాగే వెనక్కి తెచ్చి బిగించాను. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ రేడియేటర్ కారితే మా డ్రైవర్లు పసుపు పోసేవాళ్లు. నీళ్లలో కలిసి సందుల్లో పేరుకుని చిల్లి మూసుకుంటుంది. ఘాట్ ఎక్కించి ఊరు చేర్చడానికి పనికొస్తుంది, అంతే. అది తాత్కాలికమని నాకు తెలియదా? తెలుసు. నాగన్న గదిలో పసుపు డబ్బా ఉంది. ఇంటి దగ్గర అతని భార్య దంచి పంపిన పసుపు. కూరలో చిటికెడు వేయడానికి కూడా వెనకాడేవాడు, అయిపోతుందని. నేనడిగితే డబ్బా నా చేతికిచ్చేశాడు. మూడు పిడికిళ్లు పోశాను. కారడం ఆగింది. సాయంత్రం వచ్చిన బాబా, "మాటు వేయించావా?" అని అడిగాడు. "వేయించాను బాబా, ఖలాస్" అన్నాను.

తెల్లవారి బయలుదేరాం. నేను స్టీరింగ్ దగ్గర, బాబా పక్కన. తోట దాటగానే ఆయన తలగుడ్డ గాలికి ఎగురుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. గంట సేపు నేను రాజునే. తర్వాత మెత్తటి ఇసుక వచ్చింది. ఎత్తు ఎక్కుతుంటే వేడి ముల్లు పైకి పోతోంది. చూశాను. ఆపాలి. వెనక బంధువుల కార్లు మూడు వస్తున్నాయి, అందరూ చూస్తున్నారు. ఆపలేదు. ఆ ముల్లు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఎత్తు మీదికి చేరకముందే ఇంజన్ పట్టేసింది. పసుపు చిల్లితో పాటు నీళ్ల దారులూ మూసేసిందని అప్పుడర్థమైంది. నేను దిగి చక్రాల ముందు ఇసుక తీస్తున్నాను. బాబా బానెట్ ఎత్తి, గుడ్డతో రేడియేటర్ మూత తిప్పాడు.

ఆయన అరుపు విని లేచాను. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు ఊడింది. ఆయన తొడుక్కున్న తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా, గుండెల దాకా పసుపు రంగైంది.

మూడో రోజు బాబా చేతికి కట్టుతో వఫ్రా వచ్చాడు. తిన్నగా నాగన్న గదిలోకి వెళ్లి ఆ డబ్బా పట్టుకొచ్చాడు. ఆ పసుపు వంటలో వాడేవాడు తోటలో అతనొక్కడే. ఇద్దరినీ షెడ్డు కింద నిలబెట్టి, నాగన్నకు అరబ్బీ రాదు కాబట్టి నాతోనే అడిగించాడు. "రేడియేటర్లో ఇది ఎవరు పోశారు? అడుగు."

నేను నాగన్నతో, "పసుపెవరేసిరని అడుగుతాండాడు" అన్నాను.

నాగన్న తొణకలేదు. "నువ్వే గదా సాయిబూ ఏసింది, కారతాందని. డబ్బా నేనే ఇస్తినని గూడా చెప్పు. పెద్దాయన మంచోడు, ఉన్నమాట జెప్తే ఏమనడులే. చెయ్యి కాలిందానికి నేను గూడా క్షమించమంటి అని చెప్పు."

నేను బాబా వైపు తిరిగాను. నా నోట వచ్చింది ఇది: "నేను మాటు వేయించాక మళ్లీ కారిందట బాబా. నీళ్లు పోసేటప్పుడు తానే వేశాడట. తెలియక చేశాను, క్షమించమంటున్నాడు."

బాబా నాగన్న ముఖంలోకి చూశాడు. నేను నిజం చెప్పాననుకున్న నాగన్న, గుండె మీద చేయి పెట్టుకుని, అవునన్నట్టు తల ఊపాడు.

ఎన్నోసార్లు అడుక్కున్నాను. ముందే అనుకుని చెప్పానా, నాలుక దానంతటదే తిరిగిందా? నాలుక మీదికి నెట్టడం కూడా ఒక అబద్ధమే. ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో నన్ను ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం, నా శుక్రవారాలు, ఆ జీపు గుర్తొచ్చాయి. నాగన్న గొర్రెలు గుర్తుకు రాలేదు.

వారంలో అతన్ని విమానం ఎక్కించారు. వచ్చి పద్నాలుగు నెలలే. డబ్బా ఇచ్చినందుకే పంపేశారనుకున్నాడు. నేను దిద్దలేదు. "నువ్వు జెప్పాల్సింది జెప్తివి, నా రాత" అని నా భుజం తట్టాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

జీపుకు వేరే ఇంజన్ వేశాను. ఆ తర్వాత ఎనభైల్లో ఎన్ని శీతాకాలాలు ఆ జీపులో తిరిగామో! కాలిన మచ్చల చేతిని తలుపు మీద ఆనించి బాబా నా పక్కన కూర్చునేవాడు. కొత్తవాళ్లకు నన్ను చూపించి, "ఇతను నాతో అబద్ధం ఆడడు" అనేవాడు. నాగన్న దగ్గర్నుంచి ఒకే ఉత్తరం వచ్చింది, ఎవరితోనో రాయించింది. పెద్దాయన చెయ్యి మానిందా, జీపు లేచిందా అని అడిగాడు. రెండింటికీ జవాబు అవుననే. రాయలేదు.

ఒకసారి సెలవులో వెళ్లినప్పుడు, చెప్పేద్దామనే వాళ్ల పల్లెలో బస్సు దిగాను. నాగన్న పరాయివాళ్ల గొర్రెలు కాసుకుంటున్నాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. ఇంటికి తీసుకెళ్లి, కోడిని కోయించి, భార్యతో, "ఆ పొద్దు నా తరపున మాట్లాడింది ఈ సాయిబే" అన్నాడు. పెట్టిందంతా తిన్నాను, చెప్పాల్సింది చెప్పలేదు. బయలుదేరుతుంటే ఆమె పొట్లం కట్టి తెచ్చింది. "అక్కడ మంచి పసుపు దొరకదంట గదన్నా" అంది. తీసుకున్నాను. దాన్ని పారేయలేదు, వాడనూలేదు. విప్పని ఆ పొట్లం చాలా ఏళ్లు నా పెట్టెలో కువైట్‌కూ ఇంటికీ తిరిగింది.

నాగన్న లేడు. బాబా కూడా లేడు. క్షమించగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీకూ లేదు. చెప్పవలసిన మాట మాత్రం నాకు ఆ రోజే వచ్చు. అరబ్బీలో నాలుగే ముక్కలు. ఇప్పుడు, ఎవరూ అడగకపోయినా, అంటున్నాను.

అనా, బాబా. మూ హువ. నేను, బాబా. అతను కాదు.