శారమ్మ ఒట్టు, డాక్టరమ్మ గోలీ

"...గోలీ వేసుకుంటె ఒట్టు తప్పినట్టా, కాదా? గదొక్కటి చెప్పు ముందుగాల!"

"తప్పినట్టెట్లయితదే? కల్లు వేరు, గోలీ వేరు."

"నీ చెవుల్ల దూదున్నదా? కల్లుల కలిపే మందు, ఈ గోలీ ఒక్క జాతివే అనలేదా డాక్టరమ్మ? అక్కచెల్లెండ్లసుంటివట."

"నువ్వు, మీ చెల్లె గూడ ఒక్క కడుపులనే పుట్టిండ్రు. ఒక్క తీరుగ ఉన్నరా?"

నిజామాబాద్ పెద్దదవాఖానలో మత్తు మాన్పించే వార్డు అది. మంచం మీద కూర్చున్న మనిషి శారమ్మ. కింద తువ్వాల పరుచుకొని కూర్చున్నది ఆమె భర్త మోషే. ఇద్దరి మధ్య స్టూలు మీద స్టీలు గిన్నెలో చిన్న తెల్ల గోలీ ఉంది. నర్సు ఇప్పటికే రెండుసార్లు వచ్చి, అది అక్కడే ఉండడం చూసి వెళ్ళింది.

పక్క మంచం మీది తమ్ముడికి తోడుగా వచ్చిన గంగుబాయి ఇక ఊరుకోలేకపోయింది. ఆమెది మహారాష్ట్ర సరిహద్దు ఊరు. బీడీలు చుట్టే చేతులు ఇక్కడ పని లేక కొంగు అంచును చుట్టడం, విప్పడం చేస్తున్నాయి.

"అరే దేవా! గింతంత గోలీకి గంత లొల్లా? మా తమ్ముడు ఇంకోటి ఇయ్యుండ్రని నర్సమ్మ కాళ్ళమీద పడుతుండు. నీకు ఇస్తుంటె వద్దంటున్నవు. నువ్వేం మనిషివి బాయీ?"

"నేను దేవుని ముంగట నిలబడి చెప్పిన మనిషిని" అంది శారమ్మ. చెయ్యి చాపి నీళ్ళ గ్లాసు అందుకోబోయింది. గ్లాసు చేతిలో నిలవలేదు. నీళ్ళు ఒడిలో పడ్డాయి.

పొద్దున డాక్టర్ వినీత ఏమీ దాచకుండా చెప్పింది. గోలీ ఆపితే ఫిట్స్ మళ్ళీ రావచ్చు. ఈసారి వస్తే మనిషి దక్కకపోవచ్చు.

శారమ్మ పుట్టింది మోర్తాడ్‌లో. తల్లిదండ్రులు పసుపు ఉడకబెట్టే కాడ కూలీలు. మోషేను చేసుకొని మోస్రా వచ్చింది. మోషే నిజాంసాగర్ కాలువ మీద లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం అతని పని. శారమ్మ వచ్చిన ఏడాదే చెరుకు కొట్టే ముఠాలో చేరింది. చెరుకాకు చేతులను కోసేది. పొద్దంతా వంగి నరికితే సాయంత్రానికి నడుము తన మాట వినేది కాదు. అప్పుడు మేస్త్రి గట్టు మీదికి కల్లు తెప్పించేవాడు. ఆడా మగా అందరూ తాగేవాళ్ళు. దాన్ని తాగుడని ఎవరూ అనలేదు. తాగుడంటే బ్రాందీ, విస్కీ. ఆ ఊళ్ళో మందు అంటే అదే. కల్లు అన్నం వంటిది. పురుడు పోసుకున్న ఇంటికి కూడా ఒక సీస పంపేవాళ్ళు.

చెరుకు తగ్గింది. ఈత చెట్లూ తగ్గాయి. కల్లు మాత్రం తగ్గలేదు. ఊరి బయట డిపో నుంచి సీసల్లో వచ్చింది. రుచి కొద్దిగా మారింది గానీ నొప్పి తొందరగా పోయేది, నిద్ర తొందరగా పట్టేది. ఒక పూట దొరకకపోతే శారమ్మకు ఒళ్ళు గుంజేది, ఎదురొచ్చిన మనిషి మీద కోపం వచ్చేది. వయసు మీద పడుతోంది కాబోలు అనుకుంది.

ఒకనాడు కూతురు హెప్సిబా పసిపిల్లను అప్పజెప్పి బజారుకు పోయింది. తిరిగి వచ్చేసరికి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కనే పడుకున్న శారమ్మ కదలలేదు. తట్టినా లేవలేదు. హెప్సిబా పిల్లను భుజాన వేసుకొని తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ పిల్లను తల్లి దగ్గర వదల్లేదు.

ఆ వారమే చర్చిలో కూడిక జరిగింది. పాస్టర్ కిరణ్ కుమార్, దురలవాటు విడిచిపెట్టేవాళ్ళు ముందుకు రావాలని పిలిచాడు. శారమ్మ లేచింది. బైబిలు మీద చెయ్యి పెట్టి, "ఇయ్యాల్టి సంది డిపో కల్లు, దాంట్ల కలిపే మందు, ఏదీ నా నాలిక మీదికి రాదు" అంది. అందరూ హల్లెలూయా అన్నారు.

ఆమె మాట మీద నిలబడింది. మరునాటికి చెమటలు పట్టాయి. ఆ తర్వాత గోడ మీద చీమలు బారులు తీరాయని కొంగుతో తుడిచింది. చనిపోయిన తల్లితో మాట్లాడింది. సైతాను పోతున్నాడు, ఓర్చుకోవాలన్నారు చుట్టుపక్కలవాళ్ళు. ఒక తెల్లవారుజామున పళ్ళు గిట్టకరుచుకొని కిందపడి కొట్టుకుంది.

ఊళ్ళో సూది వేసే మనిషి మోషేను అడిగాడు: "మందు తాగుతదా?"

"అయ్యో, మా ఇంట్ల మందు ముట్టం" అన్నాడు మోషే. అబద్ధం చెప్పలేదు. సూది మనిషి సెలైన్ పెట్టాడు. సెలైన్ ఎక్కుతుండగానే మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. అంబులెన్సులో నిజామాబాద్ తెచ్చారు.

వినీత కూడా మొదట అదే అడిగింది. మోషే అదే చెప్పాడు. ఆమె శారమ్మ చేతులను, కళ్ళను చూసింది. ఇంకో రకంగా అడిగింది.

"పొద్దుమూకినంక ఏం తాగుతది బాపూ?"

"కల్లు తాగుతుండె మేడం. మొన్న ఐతారం మానేసింది."

"చెట్టుదా, డిపోదా?"

"డిపోది."

"ఈ మాట ముందే చెప్పొద్దా?"

"మీరు మందు అడిగిండ్రు గద మేడం."

వినీత కేసు కాగితం అందుకుంది. "నిజమే. నేనే సరిగ్గ అడగలే" అని నర్సును కేకేసింది.

మొదట సూదులు వేశారు. అప్పుడు శారమ్మకు తెలివి లేదు కాబట్టి గొడవ లేదు. తెలివి వచ్చాక గోలీ ఇచ్చి, అదేమిటో వినీత వివరించింది. నిద్రకు, మత్తుకు వాడే మందును కల్లులో కలుపుతారు. ఒళ్ళు దానికి అలవాటు పడింది. ఒక్కసారి ఆపితే తట్టుకోలేదు. అందుకే అదే జాతి గోలీని కొలతగా ఇచ్చి, రోజురోజుకు తగ్గిస్తాం అంది. శారమ్మ అంతా విన్నది. విన్నాక గోలీని గిన్నెలో పెట్టేసింది.

మధ్యాహ్నం పాస్టర్ వచ్చాడు. చిన్నవాడు. బస్సులో నిలబడి వచ్చినట్టున్నాడు, చొక్కా అంతా నలిగిపోయింది. సంగతి విని, "దేవుడు గోలీ దగ్గర పట్టింపు పెట్టుకోడక్కా. వేసుకో" అన్నాడు.

"ఒట్టు పెట్టిచ్చింది మీరే, వేసుకొమ్మనేది మీరేనా అయ్యగారూ? రేపు కల్లు గూడ ఒక్క గుటక తాగుమంటె?"

పాస్టర్ ప్రార్థన చేసి, మోషే భుజం తట్టి, బయట వరండాలో కూర్చున్నాడు.

శారమ్మ ఎడమ కాలు దానంతట అదే ఎగురుతోంది. గంగుబాయి వచ్చి ఆ కాలును రెండు చేతులతో అదిమి పట్టుకుంది. మోషే ఆ కాలు వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"శారా, మీ చెల్లె పెండ్లి యాదికున్నదా?"

"ఇప్పుడు మా చెల్లె ఎందుకు?"

"ఆ పొద్దు కాలువ బంద్ చేసే వంతు నాదే. పెండ్లికి ఆలస్యమైతదని షట్టర్ ఒక్కపారే కిందికి దించి వచ్చిన. తెల్లారి పోయి సూస్తె కట్ట లోపలికి జారి పడ్డది. నిండుగ నీళ్ళుండి నానిన కట్టది. నీళ్ళు ఒక్కపారే పోతె నిలవది. మీ చెల్లె పెండ్లిల తిన్న మాంసం నాకు అరగలే. ఇంజనీరు సార్లు ఎన్ని తిట్లు తిట్టిండ్రో."

"గందుకేనా నువ్వు ఆ తెల్లారి పాట పాడకుంట మూతి ముడుచుకున్నది?"

"గందుకే. ఆ తర్వాత ఎన్నడు గట్ల చెయ్యలే. ఇయ్యాల ఇంత, రేపింత దించుత. నీళ్ళు పోతున్నయని కట్టకు తెల్వనియ్య."

శారమ్మ గోలీ ఉన్న గిన్నెను దగ్గరికి లాక్కుంది. "మరి ఆఖరుకు బందయితదా? ఇంత ఇంత అనుకుంట ఎండకాలమంతా పారుతనే ఉంటదా?"

"బందయితది. బంద్ చేసెటందుకే గద నాకు జీతమిచ్చేది."

శారమ్మ డాక్టరమ్మను పిలవమంది. వినీత వచ్చింది.

"ఒక్కటి అడుగుత బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్పాలె. ఈ గోలీ ఆగే రోజున్నదా? నేనే మీ గేటుకాడ నిలబడి అడుక్కునే రోజొస్తదా?"

"ఆగుతది. నేను చెప్పిన లెక్కల తగ్గిస్తెనే. ఇంటికి పోయినంక గూడ ఇక్కడికి రావాలె. ఈ వార్డు మొదటి పనే అమ్మా. ఒంట్లకెళ్ళి పోతది గని, మనసుల యాది ఇంకా చాన రోజులుంటది. గది నేను సూదితోని తియ్యలేను."

"నువ్వు గట్ల చెప్పినవు గనుక నమ్ముత" అంది శారమ్మ. మోషే గోలీని ఆమె నాలుక మీద పెట్టాడు. గంగుబాయి నీళ్ళు పట్టింది.

ఆ తర్వాతి రోజులు తేలికగా గడవలేదు. వాంతులయ్యాయి. ఫ్యాన్ చప్పుడు మనుషుల మాటల్లా వినిపించింది. నర్సులు వచ్చి బీపీ చూసేవాళ్ళు, చేతులు చాపమని వేళ్ళ వణుకు చూసేవాళ్ళు, దాన్నిబట్టి గోలీ మార్చేవాళ్ళు. ఫిట్స్ మాత్రం మళ్ళీ రాలేదు. ఒక పొద్దున ఆమె మెలకువ వచ్చి చాలాసేపు అట్లాగే పడుకుంది. పిచ్చుకలు కిటికీ మీద కొట్లాడుకుంటున్నాయి. రాత్రి నిద్ర పట్టిందని, అది ఎవరూ కలిపి ఇచ్చిన నిద్ర కాదని ఆమెకు అర్థమైంది. ఇడ్లీ తెప్పించుకొని తింది. చట్నీలో ఉప్పు ఎక్కువైందని తిట్టింది. మోషే ఆ తిట్లు విని బయటికి వెళ్ళి, పాస్టర్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

ఇంటికి వెళ్ళే రోజు శారమ్మ వార్డులో ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళింది. వార్డు ఊడ్చే ఆమె చెయ్యి పట్టుకుంది. గంగుబాయిని కావలించుకుంది. "నీ కాలు ఎగిరి నా దవడకు తగిలింది, గది యాదుంచుకో" అని గంగుబాయి కళ్ళు తుడుచుకుంది. వినీత రెండు చేతులూ కళ్ళకు అద్దుకుంది. "నా తలకాయ నాకు వాపసిచ్చినవు బిడ్డా" అంది.

ఊళ్ళో మోషే డిపో ముందునుంచి కాకుండా చెరువు దారిన తిప్పి తీసుకుపోయాడు. తనూ కల్లు మానేశానని ఆమెకు చెప్పలేదు. ఎప్పుడో ఒక సీస తాగే మనిషి కాబట్టి అతనికి ఒళ్ళు గుంజలేదు. శారమ్మకు సాయంత్రాలు కష్టంగానే ఉండేవి. ఆ వేళకు ఆమె గొంతు ఎండిపోయేది. ఇద్దరూ కాలువ గట్టు మీద నడిచేవాళ్ళు. వారం వారం నిజామాబాద్ పోయేవాళ్ళు. గోలీ సగమైంది. సగంలో సగమైంది. ఆఖరుకు వినీత చీటీ మీద గోలీ రాయకుండా, రావాల్సిన తేదీ మాత్రమే రాసి ఇచ్చింది. ఆ ఆదివారమే హెప్సిబా చర్చికి వస్తూ, పిల్లను తల్లి ఒడిలో కూర్చోబెట్టి చెప్పులు విప్పుకోవడానికి పోయింది. శారమ్మ కదలకుండా కూర్చుంది.

సాక్ష్యాల వేళ పాస్టర్ ఆమెను పిలిచాడు. పిల్లను హెప్సిబాకు ఇచ్చి శారమ్మ లేచింది.

"దేవునికి స్తోత్రం. నన్ను సావనియ్యలే. డాక్టరమ్మకు స్తోత్రం అనొద్దంటరేమో, దండం. నా కాలు పట్టుకున్న గంగుబాయికి దండం. ఆమె మన చర్చి కాదు, దేవునికి ఆమె తెలుసు. ఇగ మా ఆయనకు..." ఆగింది. "ఆయనకు ఇంట్ల చెప్పుకుంట."

అందరూ నవ్వారు. మోషే తల వంచుకున్నాడు.

ఆ నవ్వు ఆగకముందే వెనక వరసలో గంగమణి లేచింది. చెరుకు ముఠాలో శారమ్మ పక్కన నరికిన మనిషి. ఆమె వెంట ఇంకో ఇద్దరు లేచారు. "శారక్క మానంగ లేంది మేమెందుకు మానం? అయ్యగారూ, మాకు గూడ ఒట్టు పెట్టియ్యుండ్రి" అంటూ ముందుకు వచ్చి, గంగమణి బైబిలు మీదికి చెయ్యి చాపింది. పాస్టర్ శారమ్మ వైపు చూశాడు.

శారమ్మ గంగమణి చెయ్యి పట్టుకొని కిందికి దించింది.

"ఇయ్యాల ఎవ్వలు ఒట్టు పెట్టొద్దు. ఎవ్వలు మానొద్దు. రోజు తాగేదెంతనో ఈ రాత్రి గంతే తాగుండ్రి. తెల్లారి మొదటి బస్సుకు నిజామాబాద్ పోదం. మిమ్ములను నేను తోలుకపోత."