దర్శకురాలు అడిగిన ప్రశ్న

నార్వే తీరపు ఆ చిన్న ఊళ్లో, ఉన్ని అల్లుకునేవాళ్ల కోసం హాల్లో దీపాలు ఆర్పకుండా వేసే బుధవారం సినిమా ఆటకే తోర్దిస్ వస్తుంది. ముసలి వేళ్ల మధ్య బూడిదరంగు ఉన్ని సాయంత్రపు పొగమంచులా జారుతుంటుంది. తెర మీద ఎవరు చచ్చినా ఆమె అల్లిక పుల్లలు ఆగవు. ఆ రోజు యుద్ధకాలపు సినిమా వేశారు. అందులో జర్మన్ సైనికుణ్ణి ప్రేమించిన తల్లికి ఊరు గుండు కొట్టింది, బిడ్డను వెలివేసింది. ఆట అయ్యాక దర్శకురాలు వేదికెక్కి, "ఇక్కడ అలాంటి బిడ్డలెవరైనా ఉన్నారా?" అని అడిగింది. పుల్లలు ఆగాయి. తన తల్లి గురించి డెబ్బై ఏళ్లలో తోర్దిస్‌ను ఎవరూ అడగలేదు. చెయ్యి ఒళ్లోంచి లేవబోయింది.

పక్కసీట్లో మారిట్ ముక్కు చీదింది. "ఏం రాక్షసులే వాళ్లు! మన ఊళ్లో ఇలాంటివి ఎరుగుదుమా?" బడిలో "జర్మన్ పిల్లా" అంటూ తోర్దిస్ ముఖాన ఉమ్మింది ఈ మారిటే. కన్నీళ్లు మాత్రం నిజమైనవే, తను చేసింది పూర్తిగా మరిచిపోయింది.

"ఎరగమే," అంటూ తోర్దిస్ లేవబోయిన ఆ చేత్తోనే తన రుమాలు అందించింది.