మినెగిషి గారి పెరట్లో వంకర కొమ్మ

నెరిస్‌కి తిట్లు కావాలి. నాలుగేళ్ళుగా ఆమె ఎదురుచూస్తున్నది అదే, ఎవరూ పెట్టనిదీ అదే.

జపానులోని కనజావాలో కువబారా మేస్త్రీ దగ్గర తోటపనికి చేరినవాళ్ళెవరూ తిట్లకి ఇలా మొహం వాచిపోలేదు. మేస్త్రీ నోరు ఎలాంటిదో ఊరంతా ఎరుగుదురు. పెద్ద శిష్యుడు ఇనగాకి, ఇద్దరు పిల్లల తండ్రి, నిచ్చెన కాస్త పక్కకి పెట్టినందుకు ఇప్పటికీ వీధి చివరిదాకా వినపడేలా చీవాట్లు తింటాడు. నెరిస్ మాత్రం మంచి చీపురు విరగ్గొట్టినా, తోటలో ఏళ్ళ తరబడి పెంచిన నాచు మీద బూటుకాలు దిగేసినా, మేస్త్రీ తలపాగా గుడ్డ సర్దుకుని, "పర్వాలేదులెండి నెరిస్ గారూ, అలిసిపోయినట్టున్నారు, కాసేపు కూర్చోండి" అంటాడు. ఆ మాట వింటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కూర్చోడానికా ఇంత దూరం వచ్చింది?

పదింటి టీ వేళ ఇంకా ఘోరం. ఏ ఇంట్లో పని చేస్తున్నా ఆ ఇంటావిడ పళ్ళెంలో టీ, తీపి చిక్కుడుగింజల ముద్దతో చేసిన మిఠాయిలు తెచ్చి వసారా అంచున పెడుతుంది. మగవాళ్ళు చేతులు తుడుచుకుని ముందు చెట్టు వంక, తర్వాత టీ వంక చూస్తారు. నెరిస్‌కి మాత్రం విడిగా కాఫీ వస్తుంది, పక్కన ఒక ఫోర్కు. ఆ తర్వాత ఫొటో. "ఆస్ట్రేలియా నుంచట, మన జపనీసు ఎంత చక్కగా మాట్లాడుతుందో" అని పక్కింటావిణ్ణి కూడా పిలుస్తారు. మేస్త్రీ వాళ్ళ ప్రకటన కాగితం మీద ఉన్నదీ ఆమె బొమ్మే. నిచ్చెన మీద, చేతిలో కత్తెర, వెనక వందేళ్ళ పైన్ చెట్టు. ఆ ఫొటో తీయడం అవగానే ఆమెను కిందికి దింపి చీపురు చేతికిచ్చారు. ఆ చెట్టు ఆకు కూడా ఆమె ముట్టుకోలేదు.

నెరిస్ పుట్టింది న్యూ సౌత్ వేల్స్‌లో గొర్రెలు తప్ప ఏమీ లేని ఒక ఊళ్ళో. బడి లైబ్రరీలో ఒక తోట బొమ్మ చూసింది, అంతే. గడ్డి ఎండి పసుపు రంగుకి తిరిగిన ఆ ఊళ్ళో, వానలో తడిసిన రాళ్ళ మధ్య వంగిన ఒక పైన్ చెట్టు ఆమెను పట్టుకుంది. బస్సులో జపనీసు నేర్చుకుంది, మొక్కల దుకాణంలో పని చేసింది. "ఈ పిచ్చి కూడు పెడుతుందా?" అని వాళ్ళమ్మ అడిగేది. పెట్టింది. కానీ పిచ్చి ఒక్కచోట నిలిచే రకం కాదు. ఇంగ్లీషు చెప్పే పంతులమ్మగా జపానుకి వచ్చి, విలువిద్య నేర్చుకుని మానేసింది, కుండలు చేసి మానేసింది. టీ మర్యాదలు నేర్పే పెద్దావిడ ఆమెను కొంతకాలం చూసి, "మీ మోకాళ్ళు కూర్చున్నాయి గానీ మీరింకా కూర్చోలేదమ్మా" అంది. నెరిస్ అదీ మానేసింది. వదలనిది పైన్ ఒక్కటే, అది దక్కలేదు గనకే వదల్లేదేమో కూడా.

ఈ నవంబరులో ఆమెకి కాలు అసలు నిలవడం లేదు. కారణం ఉంది. ఆస్ట్రేలియాలో వాళ్ళ ఊరి పురపాలక సంఘం ఏటి ఒడ్డున జపనీసు తోట కట్టింది. దానికి పెద్ద తోటమాలి కావాలి. ఫోనులో మొహాలు చూసుకుంటూ మాట్లాడినప్పుడు వాళ్ళడిగారు, "పైన్ చెట్లని తీర్చిదిద్దారా?" అని. నెరిస్ "దిద్దాను" అంది. అనేసిందే గాని, ఆ రోజు నుంచి ఆ మాట గొంతులో ముల్లులా ఉంది. వాళ్ళ జవాబు నెలాఖరులోగా వస్తుంది. వెళ్ళేలోపు ఒక్క పైన్, తన చేత్తో, మొదటి నుంచి చివరిదాకా. అది చాలు, అబద్ధం నిజమైపోతుంది.

మేస్త్రీని పట్టుకుని అడిగింది. ఆయన మంచు బరువుకి కొమ్మలు విరక్కుండా కట్టే తాళ్ళు కొలుస్తున్నాడు.

"నాకొక పైన్ ఇవ్వండి."

"ఆలోచిద్దాంలెండి."

"ఆలోచిద్దాం అంటే కాదని అర్థం. నేనీ ఊరు కొత్తగా రాలేదు మేస్త్రీ గారూ."

ఇనగాకి తాడు వదిలేసి మరీ అటు చూశాడు. ఈ ఊళ్ళో అలా మొహాన అడిగేవాళ్ళుండరు. మేస్త్రీ తాడుని మళ్ళీ మొదటి నుంచి కొలిచాడు. ఆ వారం పని ముంచుకొచ్చి ఉంది, సముద్రం మీద ఉరుములు మొదలయ్యాయి, మంచు ఇంకెంతో దూరం లేదు. "మినెగిషి గారి పెరట్లోది చెయ్యండి. చిన్న చెట్టే" అన్నాడు చివరికి.

మర్నాడు ఆమెను ఒక్కదాన్నే అక్కడ దింపి, మిగతావాళ్ళు తాళ్ళ పనికి పోయారు. నెరిస్ నిచ్చెన వేసుకుని ఎక్కింది. పాత సూదాకులు చేత్తో దూసి, ప్రతి కొసకీ కొత్త రెమ్మలు రెండేసి ఉంచి, పొరపొరకీ మధ్య ఆకాశం కనపడేలా చేసింది. దిగి చూసింది, ఎక్కింది, మళ్ళీ దిగి చూసింది. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఇంటి గోడ వైపు మణికట్టంత కొమ్మ ఒకటి అడ్డంగా, గుబురుగా, వంకరగా సాగి ఉంది. ఏ పుస్తకంలోనూ అలాంటి కొమ్మ లేదు. మేస్త్రీ ఇన్నేళ్ళు దీన్ని ఎలా చూస్తూ ఊరుకున్నాడో అనుకుని, రంపం తీసి కోసేసింది.

చెట్టు బొమ్మలా తయారైంది. నిజంగానే. మినెగిషి గారు డెబ్బై దాటిన ఆవిడ, వసారాలో నిలబడి "అబ్బ, శుభ్రంగా ఉంది" అంది. నెరిస్ ఫొటో తీసి తన ఊరి పురపాలక సంఘానికి పంపింది. పంపాక కడుపు నిండినట్టయింది, చాలాకాలం తర్వాత.

సాయంత్రం మేస్త్రీ ఇంటికి ఫోనొచ్చింది. మినెగిషి గారు స్నానాల గది కిటికీ తీసేసరికి ఎదురుగా పక్కింటి మేడమెట్లు. మెట్ల మీద పక్కింటాయన. ఆయన పాపం అక్కడికక్కడే వంగి దణ్ణం పెట్టి క్షమించమని లోపలికి పరుగెత్తి, ఉన్న తలుపులన్నీ మూసేసుకున్నాడట. ఇకనుంచి మెట్లెక్కనని కబురు కూడా పంపాడట.

పొద్దున్నే ఇనగాకి ఆమెను షెడ్డు దగ్గరే ఆపాడు. "ఆ కొమ్మ ఎందుకుందో తెలీదా నీకు?"

"ఎవరు చెప్పారు గనక?"

"ఎవరికీ ఎవరూ చెప్పరిక్కడ. నేనైతే ఈపాటికి ఆసుపత్రిలో ఉండేవాణ్ణి. నీకేంలే, కూర్చోమంటాడు."

అదే ఆమె భయం. కూర్చోమంటాడు. నవ్వుతాడు. నెలాఖరున పువ్వులిచ్చి విమానం ఎక్కిస్తారు. మేస్త్రీ రాగానే తనే ముందు మొదలుపెట్టింది. "తప్పు నాది. నేనొక్కదాన్నే వెళ్ళి చెప్పుకుంటాను. ఆ తర్వాత పని మానేస్తాను."

మేస్త్రీ ఆమె వైపు చూడలేదు. చేతిలో మిఠాయి కొట్టు నుంచి తెచ్చిన పెట్టెలు రెండున్నాయి, గుడ్డలో మూటగట్టి. "ఎక్కు బండి" అన్నాడు.

మినెగిషి గారి గుమ్మం ముందు వాన తుంపర పడుతోంది. మేస్త్రీ తలగుడ్డ విప్పి, తడి రాతి మీద మోకాళ్ళూని, నుదురు నేలకి ఆనేదాకా వంగాడు. నెరిస్ ఇన్నేళ్ళలో ఆయన నడినెత్తి చూడలేదు. వెంట్రుకలు పల్చబడి గులాబిరంగు చర్మం కనిపిస్తోంది. ఆమె పక్కనే మోకాళ్ళూనింది గాని, తల వంచడం తోచలేదు. అప్పుడాయన తలెత్తకుండానే చెయ్యి చాచి, ఆమె మెడ పట్టుకుని కిందికి లాగాడు. నుదురు రాతికి తగిలింది, నొప్పి పుట్టింది కూడా.

"మా పిల్ల వెధవపని చేసింది. దీన్ని సరిగ్గా పెంచలేదు నేను. క్షమించండి."

మా పిల్ల. నెరిస్ నుదురు నేలనే ఉంచింది. ఎందుకంటే ఏడుస్తోంది, అది సిగ్గుతోనో సంతోషంతోనో ఆమెకే తేలలేదు.

"లేవండి, లేవండి, చలి" అంది మినెగిషి గారు. "ఆ కొమ్మ వంకరది, నాకూ ఎప్పుడూ నచ్చలేదు. కాకపోతే పెళ్ళైనప్పటి నుంచీ దాని చాటునే స్నానం చేశాను."

రెండో పెట్టె పక్కింటికి. అక్కడా అంతే, మళ్ళీ రాయి, మళ్ళీ నుదురు. పక్కింటాయన ఎదురు మోకరిల్లేసరికి ఎవరు ముందు లేవాలో తెలీక ముగ్గురూ చాలాసేపు అలాగే ఉండిపోయారు.

బండిలోకి ఎక్కాక మేస్త్రీ మొదలుపెట్టాడు. నాలుగేళ్ళవీ కలిపి.

"దద్దమ్మా. చెట్టు ఎవరి కోసం కోస్తాం? ఆకాశంలో పోయే కాకుల కోసమా? ప్రతి ఇంట్లోనూ ముందు లోపలికెళ్ళి, వాళ్ళు కూర్చునే చోట కూర్చుని, కిటికీ కిటికీ తీసి చూస్తాను. ఇనగాకిగాడు నా వెనకే వస్తాడు. అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"కాఫీ తాగుతున్నాను."

"ఎందుకు?"

"ఇచ్చారు కాబట్టి."

ఆయన గేరు మార్చాడు. "తాగనిచ్చింది నేనే" అన్నాడు తర్వాత, గొంతు తగ్గించి. "నీ బొమ్మ చూసి పనులొచ్చాయి. నా తప్పు కూడా ఉంది. అందుకే ఇవాళ నా తల కూడా నేలకి ఆనింది." వెంటనే గొంతు పెంచాడు. "అక్కడ ఇక కొమ్మ రాదు. మోడు చిగురించదు. పై కొమ్మని వెదురుకి కట్టి ఆ కిటికీ దాకా దించాలి. ఏటా కాస్త, కాస్త. పదేళ్ళు పట్టొచ్చు. అప్పటికి నేనుండను. ఎవడు కడతాడు?"

నెరిస్ జేబులో ఫోను పొద్దుటే మోగింది. ఊరివాళ్ళ జవాబు. ఫొటో అద్భుతం, ఉద్యోగం మీదే, ఎప్పుడొస్తున్నారు? దాచడం ఇష్టం లేక చెప్పేసింది. "మా ఊళ్ళో ఉద్యోగం వచ్చింది మేస్త్రీ. తోటకి పెద్దగా."

బండి ఎర్ర దీపం దగ్గర ఆగింది. వైపర్లు కొట్టుకుంటున్నాయి.

"పెద్ద తోటా?"

"పెద్దదే."

"పైన్లు?"

"ఒడ్డు పొడుగునా."

"వాటి వెనక ఇళ్ళున్నాయా? స్నానాల గదులు?"

"లేవు. పార్కు అది."

"మంచిదే" అన్నాడు మేస్త్రీ. వెక్కిరింత లేదు గొంతులో. "నువ్వు ఏ కొమ్మ కోసినా చప్పట్లు కొడతారు. అడిగేవాడు ఒక్కడుండడు."

పొద్దుటి నుంచి తిన్న తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. అక్కడా కాఫీ ఇస్తారు, ఫొటో తీస్తారు, ఆమె చేసిన ప్రతి తప్పునీ అందమంటారు, ఆమె కూడా కొన్నాళ్ళకి నమ్మేస్తుంది. అది తలుచుకుంటే నెరిస్‌కి భయం వేసింది. పదేళ్ళన్న మాటకీ భయమే వేసింది. పదేళ్ళు దేనితోనూ ఉండలేదు తను. రేపు పొద్దున లేచేసరికి మనసు మారిపోతుందని కూడా ఆమెకి తెలుసు, తన సంగతి తనకి తెలీనిదేం కాదు.

అందుకే దీపం ఆకుపచ్చగా మారేలోపే ఫోను తీసింది. ఆ ఫొటోలో చెట్టు నేను పాడుచేసినది, దాన్ని బాగుచెయ్యాలి, నేను రావడం లేదు అని రాసి, మళ్ళీ చదవకుండా పంపేసింది.

"లోపల పెట్టు ఆ ఫోను" అని కసిరాడు మేస్త్రీ. "వెదురు ఎలాంటిది కొయ్యాలో చెబుతుంటే ఎటు చూస్తావ్?"