కుట్లత్త తొడుక్కున్న గౌను

పెళ్లిబట్టల దుకాణంలో కుట్టుపని చేసే ఆమెను ఊరంతా కుట్లత్త అనేది. తొలి పరిచయం నాడే, నా జాకెట్టుకు కొలత తీసుకుంటూ, "ఊపిరి బిగబట్టకండి టీచరమ్మా, తరువాత జాకెట్టు పగ తీర్చుకుంటుంది" అని మందలించింది. నన్ను మందలించే వారు అప్పటికి ఎవరూ మిగలలేదు. అందుకే ఆమె నాకు నచ్చింది.

నా మేనకోడలి పెళ్లినాటి ఉదయం, ఆ దుకాణంలో కుట్టించిన పెళ్లిగౌను కోసం వెళితే, దుకాణంలోని బొమ్మ ఒంటిమీద అది లేదు. యజమానురాలికి ముచ్చెమటలు పోస్తున్నాయి.

"తాళం పగలలేదండీ. రెండో తాళంచెవి కుట్లత్త దగ్గరుంది. ఆవిడా కనబడటం లేదు. పోలీసులకు చెప్పేస్తాను."

ఇంతలో బట్టలు మార్చుకునే గదిలోంచి సన్నగా పిలుపు వినిపించింది. "టీచరమ్మా, మీరొక్కరే రండి."

లోపలికి వెళ్లి కొయ్యబారిపోయాను. అరవయ్యేళ్ల కుట్లత్త ఆ పెళ్లిగౌను తొడుక్కుని నిలబడి ఉంది.

"బొమ్మ కూర్చోదు కదండీ. కూర్చుంటే కుట్టు ఆగుతుందో లేదో ప్రతి గౌనూ నేనే తొడుక్కుని చూస్తాను. ఇవాళ వెనక హుక్కు చిక్కుకుపోయింది. ఆవిడేమో నన్ను దొంగంటోంది, ఈ వేషంతో ఎలా బయటికి రాను?"

"గౌను దొరికింది, ఆఖరి కుట్టు పడుతోంది" అని యజమానురాలికి వినిపించేలా చెప్పాను.

గదిలోని అద్దం గోడవైపు తిప్పి ఉంది. పెళ్లి కాని కుట్లత్త ఏ గౌనులోనూ తనను తాను చూసుకోలేదట. నేను హుక్కు మీద చెయ్యి వేయగానే నా వేళ్లు పట్టుకుని ఆపింది.

"విప్పే ముందు, ఆ అద్దం కాస్త ఇటు తిప్పుతారా?"